ఆర్టీఐలో ఫైలు మొత్తం కాపీ అడగాలా, ముందు వెళ్లి చూసుకోవాలా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు మనవాళ్లు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేస్తామంటే ముందు నేనడిగేది ఇదే.

ఖర్చు: దరఖాస్తుకు ఎలాగూ 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపే. కాపీకి పేజీకి 2 రూపాయలు, వినడానికి చిన్నదే, కానీ మా ఊరి చెరువు పని ఫైలు మొత్తం అడిగితే 312 పేజీలకు 624 కట్టమన్నారు, కట్టాను, తీరా కట్ట విప్పితే పనికొచ్చినవి కొలతల పుస్తకంలోని 9 పేజీలు, అవీ జిరాక్సుకి జిరాక్సు తీసి అంకెలు మసకబారినవే. వెళ్లి చూస్తే మొదటి గంట ఉచితం. కావలసిన పేజీలకే కడతాం: 18 రూపాయలు.

శ్రమ: కాపీలు పోస్టులో వస్తాయి. చూడాలంటే మనమే వెళ్లాలి, ఫైలు గడ్చిరోలిలో ఉంటే దాదాపు 200 కిలోమీటర్లు, ఆ రోజు కూలి పోయినట్టే. మరాఠీ బాగా చదివేవాళ్లు తోడుండాలి.

రిస్క్: ఫైల్లో ఏముందో తెలియకుండా అడిగితే అసలు కాగితం జారిపోయినా మనకు తెలియదు. చూస్తే నోట్ షీట్లు, అంటే అధికారులు ఫైల్లో రాసుకున్న అభిప్రాయాలు, కూడా కంటపడతాయి.

ఒక్క మాట, 30 రోజుల గడువు దాటితే కాపీలు ఉచితంగానే ఇవ్వాలి, ఆ చట్టంలో సెక్షన్ 7(6) అది. తెలియక ఎంతమంది కట్టేస్తున్నారో! దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అసలు ఫీజే లేదు.

సాత్‌బారా (7/12, మహారాష్ట్రలో భూమి రికార్డు కాగితం) ఒక్కటే కావాలంటే రెండూ వద్దు, డిజిటల్ సంతకంతో ఆన్‌లైన్లో 15 రూపాయలకే వస్తుంది.

ఏ కాగితమో, ఏ తేదీదో తెలిస్తే కాపీయే అడగండి. పెద్ద ఫైలు, ఆఫీసు తాలూకాలోనే ఉంటే వెళ్లి చూడండి. దూరమైతే ముందు ఫైలు విషయసూచిక ఒక్కటి అడిగి, తర్వాత తేల్చుకోండి.