ఆ రెండు మైనస్‌లను ముట్టుకోకండి

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. ఎక్సెల్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పేది ఫార్ములాలో షరతు రాసే బ్రాకెట్ ముందు పెట్టే రెండు మైనస్‌ల (--) గురించే. ఏటా సీజన్‌లో నన్ను గట్టెక్కించేది అవే.

ముందు నా కోపం చెప్తాను. లోడు పది టన్నులు దాటిందా అని ఒక కాలమ్‌లో అడిగితే వరసగా ట్రూ, ఫాల్స్ అని వస్తాయి. ఆ కాలమ్‌కు సమ్ వేస్తే సున్నా! అవే ట్రూ గడులు రెండింటిని ప్లస్‌తో కలిపితే మాత్రం 2. ఎర్రర్ చూపించినా బాగుండు, ఎక్కడో తేడా ఉందని తెలిసేది. సున్నా చూస్తే ఆ రోజు పెద్ద లోడ్లే రాలేదనుకుంటాం. ఇంట్లో ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్‌లో ఇదే పని చేస్తే సమ్ సరిగ్గానే వస్తుంది, అదింకో తిక్క.

ఈ చిక్కు తీర్చేది ఆ రెండు మైనస్‌లే. మొదటి మైనస్ ట్రూను -1 చేస్తుంది, రెండోది దాన్ని 1 చేస్తుంది. అంతే. జూన్‌లో వచ్చిన తోతాపురి ఎన్ని కేజీలో సమ్‌ప్రొడక్ట్‌తో (కాలమ్‌లను వరసవారీగా గుణించి మొత్తం కలిపే ఫార్ములా) తీయాలంటే నెలకొక షరతు, రకానికొక షరతు, రెండింటి ముందూ -- పెట్టి, కామా కొట్టి బరువుల కాలమ్ ఇస్తాను. కొందరు షరతులను నేరుగా బరువుతో గుణించేస్తారు. అదీ పనిచేస్తుంది కానీ, మా కాటా దగ్గర కుర్రాడు బరువు గడిలో అప్పుడప్పుడు 'వాపస్' అని కొడతాడు. గుణకారమైతే ఆ ఒక్క మాటకే ఫార్ములా మొత్తం ఎర్రర్. కామా పద్ధతిలో దాన్ని సున్నా అనుకుని ముందుకు పోతుంది.

పోయిన సీజన్‌లో నేను పెళ్లికని తిరుపతి వెళ్లిన రోజు, ఆఫీసులో ఒకాయన పొరపాటున పడిందనుకుని ఒక మైనస్ చెరిపేశాడు. మొత్తం బరువులోంచి మచ్చ కాయలు తీసేయడానికి వేసిన ఫార్ములా అది. మచ్చ కాయల బరువు మైనస్‌లోకి వెళ్లింది, మైనస్‌లోంచి మైనస్ తీస్తే తరుగు కాస్తా కలుపుడైంది. ఒక్క ఎర్రర్ లేదు. చీటీ చూసి రైతే అన్నాడట, "అంత కాయ నా తోపులోనే లేదు సార్" అని.

అప్పట్నుంచి ఒక్క షరతు చాలిన చోట సమ్‌ఇఫ్స్ (షరతుకు సరిపోయిన వరసలనే కలిపే ఫార్ములా) వాడుతున్నాను, దానికి మైనస్‌ల గొడవే లేదు. షీటు మీరొక్కరే చూసుకునేదైతే -- ధైర్యంగా వాడండి. పదిమంది చేతులు పడేదైతే ఆలోచించుకోవాలి. నేనైతే ఆ గడులు లాక్ చేశాను. పాస్‌వర్డ్ ఓనర్ అడిగినా సీజన్ అయ్యాకే ఇస్తానన్నాను.