మిల్లు పోయిన ఊరు, ప్లాంటున్న ఊరు

అమెరికాలో కార్మికుల ఊళ్లన్నీ ఒకలాగే ఉంటాయనుకుంటాం గానీ, ఒహాయోలోని క్యాంప్‌బెల్‌కీ కాన్సాస్‌లోని గార్డెన్ సిటీకీ పొంతనే లేదు. క్యాంప్‌బెల్ ఉక్కు మిల్లును నమ్ముకున్న ఊరు. 1977 సెప్టెంబర్ 19, సోమవారం, కంపెనీ మూసేస్తున్నామంది, దాదాపు 5,000 మంది పని పోయింది. అక్కడివాళ్లు ఆ రోజును ఇప్పటికీ బ్లాక్ మండే అంటారు. ఇళ్లు చవకే, ఉండేవాళ్లే తగ్గిపోయారు.

గార్డెన్ సిటీ పక్కనే 1980 చివర్లో పెద్ద బీఫ్ ప్లాంట్ తెరిచారు. వియత్నాం, మెక్సికో, సోమాలియా, బర్మా... ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేరారు. పనైతే ఉంది, కానీ ఏం పని! చలిగదిలో చేతికి ఉక్కు గొలుసుల గ్లోవ్ తొడుక్కుని, బెల్టు మీద వచ్చే ముక్కకి షిఫ్టంతా అదే కోత, ఇంటికొచ్చేసరికి వేళ్లు ముడుచుకోవు. ఈ రెండింట్లో ఎక్కడ బతకాలని నన్నడిగితే గార్డెన్ సిటీయే, అదీ మణికట్టు సహకరించినన్నాళ్లు.