భాషాశాస్త్ర పరిశోధనకు మొదటి అడుగు ఎక్కడ: పుస్తకాల అరలా, శోధగంగా, పత్రికల డేటాబేసులా?

భాషాశాస్త్రంలో పరిశోధనకు చేరిన విద్యార్థికి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇవాళ మూడు దారులు చూపుతుంది. అరల్లోని పుస్తకాలు ఒకటి, పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగ రెండోది, చందా మీద అందే అంతర్జాతీయ పత్రికల డేటాబేసులు మూడోది. ఏది మేలన్నది అంశాన్ని బట్టి మారుతుంది కనుక, ఒక అంశాన్ని ఎదుట పెట్టుకుని వీటిని తూచడం మంచిది. తెలుగులో వినేవారిని కలుపుకునే ‘మనం’, కలుపుకోని ‘మేము’ అనే తేడా ఉంది. నేటి కన్నడంలో ఆ తేడా లేదు, రెంటికీ ‘నావు’ ఒక్కటే. అనంతపురం, బళ్ళారి ప్రాంతాల్లో రెండు భాషలూ మాట్లాడేవారి తెలుగులో ఈ తేడా ఎంతవరకు నిలిచి ఉన్నదన్నది పరిశోధనాంశం అనుకుందాం.

చాలామంది డేటాబేసుతోనే మొదలుపెడతారు. 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు 30 అంతర్జాతీయ ప్రచురణసంస్థల పత్రికలు, సుమారు 13,000, అందుబాటులోకి వచ్చాయి. చందా కట్టలేని చిన్న కళాశాలలకు ఇది చాలా పెద్ద మేలు. అయితే డేటాబేసు మనం ఇచ్చిన మాటనే వెతుకుతుంది. ‘మనం’, ‘మేము’ల మధ్య ఉన్నలాంటి ఈ తేడాకు ‘క్లూసివిటీ’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది ఇటీవలే. పాత వ్యాకరణాల్లో ఇదే విషయం సర్వనామాల అధ్యాయంలో, ‘ఇన్‌క్లూసివ్’ (మనం లాంటిది), ‘ఎక్స్‌క్లూసివ్’ (మేము లాంటిది) అన్న మాటల కింద, ఒకటి రెండు పేరాలుగా ఉంటుంది. కొత్త పేరుతో వెతికితే పసిఫిక్ దీవుల భాషల మీద వ్యాసాలు దొరుకుతాయి కానీ, మనకు కావలసిన ఆ పేరాలు దొరకవు. నేను కూడా మొదట ఇలాగే వ్యాసాలు పోగుచేసుకుంటూ పోయి, వాటిలో ఏది నా ప్రశ్నకు సంబంధించినదో తేల్చుకోలేక చాలా కాలం పోగొట్టుకున్నాను. ప్రశ్న రూపం కట్టకముందు డేటాబేసు తెరిస్తే, ఎంత వెతికినా ఏది పక్కన పెట్టాలో తెలియదు.

శోధగంగ సంగతి వేరు. పరిశోధకులు తమ సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో నిబంధన తెచ్చింది. వాటిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ గ్రంథాలయ కేంద్రం భద్రపరిచి అందరికీ ఉచితంగా చూపుతోంది. ఇక్కడ నేను అన్నింటికంటే విలువైనవిగా భావించేవి అనుబంధాలు. క్షేత్రపరిశోధనలో అడిగిన ప్రశ్నావళి, సమాచారం ఇచ్చినవారి వయసు, చదువు, ఊరు వంటి వివరాలు పత్రికా వ్యాసంలో అరుదుగా కనిపిస్తాయి, సిద్ధాంతగ్రంథం చివర మాత్రం తరచుగా ఉంటాయి. మాండలికం మీద పనిచేసేవారికి తమ ప్రశ్నావళి తయారుచేసుకునే ముందు ఇలాంటివి నాలుగైదు చూడడం తప్పనిసరి. లోపాలు కూడా ఉన్నాయి. తెలుగులో రాసిన సిద్ధాంతగ్రంథం పేరు రోమన్ లిపిలో ఒక్కోచోట ఒక్కో వర్ణక్రమంతో నమోదై ఉండవచ్చు, స్కాన్ చేసిన పుటల్లో పదం వెతకడం వీలుకాకపోవచ్చు. నాణ్యత కూడా ఒక్కో గ్రంథానికి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, అక్కడి నిర్ధారణలను మూలంతో సరిచూడకుండా ఉదహరించరాదు.

ఇక అరలు. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణ పాటించే గ్రంథాలయంలో తెలుగు భాష 494.827 దగ్గర, కన్నడం 494.814 దగ్గర ఉంటాయి. తెలుగు సాహిత్యం 894.827 కింద వేరే వరుసలో ఉంటుంది. మన అంశానికి కావలసిన రెండు భాషల వ్యాకరణాలూ దాదాపు పక్కపక్కనే నిలబడి ఉంటాయన్నమాట. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో సర్వనామాల భాగం చదివితే, ఈ తేడా ద్రావిడ భాషలన్నింటికీ మూలమైన మూలద్రావిడం నాటిదేనా, ఏ భాషలు దాన్ని పోగొట్టుకున్నాయి అన్న చర్చ ఒకేచోట దొరుకుతుంది, వెతకవలసిన పదాల జాబితా కూడా అక్కడే తయారవుతుంది. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నా, అచ్చుప్రతి చివరి తెలుగు పదసూచిక పుటలు తిరగేయడం వేరు, మనం వెతకాలని అనుకోని మాట అక్కడ కంటబడుతుంది. అంశం వృత్తిపదాలదైతే అరకు సాటి వచ్చేది లేదు: 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, పదాలు ఎలా సేకరించాలో చూపే పాఠం కూడా. 1972లో మొదలైన ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్’ పాత సంచికలకు సైతం బైండు చేసిన సంపుటాలను ఆశ్రయించడమే మేలు.

కాబట్టి తెలుగు మీద, ముఖ్యంగా మాండలికాల మీద పనిచేసేవారు అరలతో మొదలుపెట్టి, ప్రశ్న స్థిరపడ్డాక శోధగంగకు, ఆ తర్వాతే డేటాబేసులకు వెళ్ళాలని నా దృఢమైన అభిప్రాయం. ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణ సిద్ధాంతం ఎంచుకున్నవారికి ఈ వరుస తిరగబడుతుంది. అక్కడ చర్చ ఏటేటా పత్రికల్లోనే ముందుకు సాగుతుంది, పుస్తకం వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

ప్రైవేటు కళాశాలల విద్యార్థులు చందా లేదని ఆగనవసరం లేదు. శోధగంగ, చికాగో నిఘంటువులు, ప్రపంచ భాషల నిర్మాణాలను పటాలతో చూపే ‘వాల్స్’ అందరికీ ఉచితమే. ‘మనం–మేము’ వంటి తేడా ఏయే భాషల్లో ఉందో చెప్పే అధ్యాయం కూడా అందులో ఉంది. అరల కోసం మాత్రం పర్యవేక్షకుల నుంచి ఒక లేఖ తీసుకుని, దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే అనుమతి అడగాలి.