360 రేడియేటర్‌కి ఏ ఫ్యాన్లు మేలు? ఆర్కిటిక్ పీ12, నాక్టువా ఏ12ఎక్స్25, ఫాంటెక్స్ టీ30

వాటర్ కూలింగ్ పెట్టించాక కూడా పీసీ హోరెత్తుతోందంటే తప్పు నీళ్లది కాదు. ప్రాసెసర్ వేడిని నీళ్లు రేడియేటర్ దాకా మోసుకొస్తాయి, అక్కడి నుంచి బయటికి తోలే పని మళ్లీ ఫ్యాన్లదే. కిట్‌తో పాటు వచ్చే రంగుల ఫ్యాన్లలో చాలావాటికి లైట్ల మీద పెట్టిన శ్రద్ధ రెక్కల మీద పెట్టరు. వాటిని తీసేసి మంచివి వేద్దామనుకున్నవాళ్లు తిరిగి తిరిగి మూడు పేర్ల దగ్గర ఆగుతుంటారు: ఆర్కిటిక్ పీ12, నాక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25, ఫాంటెక్స్ టీ30. మూడూ 120 మి.మీ. ఫ్యాన్లే, 360 రేడియేటర్ అంటే అలాంటివి మూడు వరసగా పట్టేది. ధర దగ్గరే అసలు తేడా. ఒక్క నాక్టువా కొనే డబ్బుతో పీ12లు ఐదున్న ప్యాక్ దాదాపుగా వచ్చేస్తుంది. ఆ తేడా మన చెవికి, ప్రాసెసర్‌కి ఎంతవరకు తెలుస్తుందనేదే ప్రశ్న.

ముందు పెట్టె మీది అంకెల సంగతి. పీ12 గరిష్ఠ వేగం 1800 ఆర్‌పీఎం, గాలి 56.3 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), స్టాటిక్ ప్రెషర్ (గాలిని తోసే ఒత్తిడి) నీటిమట్టం లెక్కన 2.2 మి.మీ. నాక్టువాది 2000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 60 సీఎఫ్ఎం, 2.34 మి.మీ. అంటే రెండింటినీ ఒకే వేగానికి దించి లెక్కేస్తే కాగితం మీద పీ12 ఒక పిసరు ముందే ఉంటుంది! అయితే ఈ అంకెల్లో ఏదీ మీ రేడియేటర్ మీద నిజమయ్యేది కాదు. సీఎఫ్ఎం అనేది ఫ్యాన్ ముందు ఏ అడ్డూ లేనప్పటి లెక్క. స్టాటిక్ ప్రెషర్ అనేది గాలి అసలు కదలకుండా పూర్తిగా మూసేసినప్పటి లెక్క. ఫ్యాన్ పనిచేసేది ఈ రెండింటి మధ్య ఎక్కడో. దోమతెర బయట టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని పడుకున్నవాళ్లకి ఈ విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. రేడియేటర్ ఫిన్లు, అంటే దానిలోని పల్చటి లోహపు రేకులు, ఎంత దట్టంగా ఉంటే ఆ తెర అంత చిక్కన. అంగుళానికి 10 నుంచి 16 ఫిన్లుంటే గాలి సులువుగానే దూరుతుంది. 20 దాటితే ఒత్తిడితో తోసే ఫ్యాన్ కావాలి. 30 ఫిన్ల రకాలూ ఉన్నాయి గానీ, నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

నిజానికి ఎంత గాలి కావాలి? ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1200 జౌళ్లు పడుతుంది. ప్రాసెసర్ 200 వాట్ల వేడి కక్కుతోందనుకుందాం. రేడియేటర్‌లోంచి వెళ్లే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే చాలనుకుంటే గంటకు 60 ఘనమీటర్లు, అంటే సుమారు 35 సీఎఫ్ఎం సరిపోతుంది. మూడు ఫ్యాన్లకు పంచితే ఒక్కోదానికి 12. దీన్ని రెట్టింపు చేస్తే మిగిలే లాభం ఇంకో 5 డిగ్రీలు, మళ్లీ రెట్టింపు చేస్తే రెండున్నర. ఫ్యాన్లను 1800లో పరుగెత్తించి సాధించేది చాలా తక్కువని ఇక్కడే తేలిపోతుంది.

లాభం ఇలా రానురాను తగ్గిపోతుంది గానీ, చప్పుడు పెరగడం మాత్రం తగ్గదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. 1200 నుంచి 1800కి పెంచితేనే దాదాపు 9. అదే ఒక ఫ్యాన్ పక్కన అలాంటివే ఇంకో రెండు పెడితే పెరిగేది 5 లోపే. అందుకే చిన్న రేడియేటర్ మీద ఒక ఖరీదైన ఫ్యాన్ వేగంగా తిప్పడం కంటే, పెద్ద రేడియేటర్ మీద మూడు చవక ఫ్యాన్లు నిదానంగా తిప్పడం ఎప్పుడూ మేలు. ఇప్పుడు వాడుతున్నది రెండు ఫ్యాన్ల 240 రేడియేటరైతే, మూడు నాక్టువాలకి పెట్టే డబ్బులో చాలా భాగం 360కి మారడానికి పెట్టండి. నా మాట వినేవాళ్లకి మొదట ఇదే చెబుతాను.

ఇక పీ12. ఇది రేడియేటర్ కోసమే పుట్టినట్టుంటుంది. ఒత్తిడి బాగా ఇస్తుంది, ఫ్లూయిడ్ బేరింగ్ కాబట్టి క్యాబినెట్ పైకప్పుకి బోర్లా బిగించినా ఇబ్బంది లేదు, 200 ఆర్‌పీఎం దాకా దిగుతుంది. 900 లోపు తిప్పితే దీనికీ నాక్టువాకీ తేడా కళ్లు మూసుకుని చెప్పమంటే చాలామంది చెప్పలేరు. చిక్కంతా వెయ్యి ఛాయల్లో. అక్కడ గుయ్‌మని ఒక సన్నటి రొద వస్తుందని వాడినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. డెసిబెల్ మీటర్‌కి అది పెద్ద విషయం కాదు గానీ చెవికి మాత్రం అదే వినిపిస్తుంది. గాలి హోరుకి అలవాటు పడతాం, ఒకే శ్రుతిలో సాగే రొదకి అలవాటు పడలేం. దీనికి మందు డబ్బు కాదు, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల మెనూ) ఒక సెట్టింగ్. ఫ్యాన్ కర్వ్‌ని, అంటే వేడిని బట్టి ఫ్యాన్ వేగం ఎంతుండాలో చెప్పే గీతని, 850 దాకా నెమ్మదిగా తీసుకెళ్లి, అక్కడి నుంచి నేరుగా 1200కి దూకించండి. ఆ రొద వచ్చే మెట్టు మీద ఫ్యాన్ నిలబడదు.

నాక్టువాకి అంత ధర ఎందుకంటే, రెక్కల కొసకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు అర మిల్లీమీటరే. అడ్డు ఉన్నప్పుడు గాలి వెనక్కి కారిపోయేది ఆ సందులోంచే. మామూలు ప్లాస్టిక్ రెక్కలు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కొద్దిగా సాగుతాయి, కాబట్టి అంత దగ్గరగా పెడితే ఒకరోజు ఫ్రేమ్‌కి రాసుకుంటాయి. అందుకని లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ అనే గట్టి పదార్థంతో చేశారు. దీన్ని తయారు చేయడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది, 2018లో బయటికొచ్చింది. రేడియేటర్ అంచుల్లోంచి గాలి జారిపోకుండా పెట్టెలో రబ్బరు గాస్కెట్ కూడా ఇస్తారు. వేగం ఎంతలో ఉన్నా చిరాకు పుట్టించే రొద లేకపోవడమే దీని గొప్ప. మళ్లీ సెట్టింగుల జోలికి పోను, ఒకసారి బిగించి మర్చిపోతాను అనేవాళ్లకి డబ్బుకు తగ్గ వస్తువే. ఉష్ణోగ్రతలో మాత్రం మిరాకిల్ ఆశించొద్దు. 27 మి.మీ. మందమున్న మామూలు రేడియేటర్ మీద, చప్పుడు సమానంగా పెట్టి చూస్తే పీ12తో తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే ఉంటుంది.

అన్నట్టు, ఒకే వేగంలో తిరిగే ఫ్యాన్లు రెండు మూడు పక్కపక్కనే ఉంటే ఇంకో సమస్య వస్తుంది. వాటి వేగాలు ఎంతో కొంత తేడాగా ఉంటాయి కాబట్టి శబ్దం అలలు అలలుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నాక్టువా తన కొత్త తరం ఫ్యాన్లను కావాలనే కొద్దిపాటి వేగం తేడాతో జతలుగా అమ్ముతోంది ఇందుకే. మీరు ఈ పని ఉచితంగా చేసుకోవచ్చు. మూడు ఫ్యాన్లనూ మదర్‌బోర్డు మీద వేర్వేరు కనెక్టర్లకి పెట్టి, ఒక్కోదానికి నలభై యాభై ఆర్‌పీఎం తేడా ఇవ్వండి. ఒకదాని వైరు ఇంకోదానికి గొలుసుగా తగిలించే పీఎస్‌టీ రకం పీ12లు కూడా గొలుసు కట్టకుండా విడివిడిగా పెట్టుకోవచ్చు.

టీ30 వేరే జాతి. 2021లో వచ్చిన ఈ ఫ్యాన్ మందం 25 కాదు, 30 మి.మీ. 2000 ఆర్‌పీఎం దగ్గరే 3.3 మి.మీ. ప్రెషర్ ఇస్తుంది. ఫ్యాన్ మీదే ఒక స్విచ్ ఉంటుంది, గరిష్ఠ వేగం 1200, 2000, 3000లో ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఫిన్లు దట్టంగా ఉన్న మందపాటి రేడియేటర్ మీద ఈ మూడింటిలో ఇదే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ స్థలం చూసుకోవాలి. 27 మి.మీ. రేడియేటర్‌కి ఇది కలిస్తే 57, ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటి 38 మి.మీ. దానికి కలిస్తే 68. క్యాబినెట్ పైభాగంలో బిగిస్తే చాలా సెట్లలో ర్యామ్‌కో, మదర్‌బోర్డు హీట్‌సింక్‌కో తగులుతుంది. ముందువైపు బిగించేవాళ్లకి ఈ బాధ తక్కువ.

140 మి.మీ. ఫ్యాన్లనీ పక్కన పెట్టలేం. 280 రేడియేటర్ వైశాల్యం 360లో 90 శాతం దాకా ఉంటుంది, ఫ్యాన్లు మూడుకి బదులు రెండే. క్యాబినెట్‌లో 140 ఫ్యాన్లు మూడు పట్టే 420 పడితే ఇక ఆలోచించక్కర్లేదు, దాని మీద ఆర్కిటిక్ పీ14లు వేసినా చాలు.

ఏ ఫ్యాన్ కొన్నా, కర్వ్ ప్రాసెసర్ ఉష్ణోగ్రతకి కట్టేస్తే డబ్బు దండగ. బ్రౌజర్ తెరిచినంత మాత్రాన ప్రాసెసర్ క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్లు ఒక్కసారి వుయ్‌మంటాయి, మళ్లీ తగ్గుతాయి. ఆ ఎగురుడుని రేడియేటర్ ఫ్యాన్ ఆపలేదు, వేడి ఇంకా నీళ్ల దాకా రానేలేదు కదా. లీటరు నీళ్లున్న కస్టమ్ లూప్‌లో (విడిభాగాలు కొని సొంతంగా కట్టుకునే వాటర్ కూలింగ్) 300 వాట్లు పడినా నీళ్లు నిమిషానికి 4 డిగ్రీల చొప్పునే వేడెక్కుతాయి, అది కూడా రేడియేటర్ ఏమీ చేయకపోతే. నీళ్ల ఉష్ణోగ్రత చూపించే సెన్సర్ ఉంటే కర్వ్ దానికే కట్టండి. లేకపోతే బయోస్‌లో ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని వీలైనంత పెంచండి.

మన ఊళ్ల ఎండలతో ఇక్కడో తిరకాసు ఉంది. డిసెంబరులో గది 24 డిగ్రీలున్నప్పుడు నీళ్లు 36 దగ్గర నిలబడితే, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది 38 ఉన్నప్పుడు అదే పనికి 50 దగ్గర నిలబడతాయి. తేడా అదే 12. చలికాలంలో 40 డిగ్రీలకే ఫుల్ స్పీడ్ అని కర్వ్ రాసుకుంటే, వేసవంతా ఫ్యాన్లు ఊరికే అరుస్తాయి, ప్రయోజనం మాత్రం అంతంతే. వీలైతే గదికీ నీళ్లకీ మధ్య తేడాను బట్టి కర్వ్ రాసుకోండి, కాకపోతే వేసవికి వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. చాలా పంపులకి నీళ్ల గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు కాబట్టి 50 చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఇంకో మాట, సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరిగే గదిలో పైన చెప్పిన సన్నటి తేడాలేవీ వినిపించవు. పీసీ ఉన్నది అలాంటి గదిలోనే అయితే నాక్టువా మీద డబ్బు పెట్టడం అనవసరం. ఏసీ వేసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, రాత్రిళ్లు పనిచేసుకునేవాళ్లకే అవి వినిపిస్తాయి.

నన్నడిగితే మామూలు 360 ఏఐఓకి (అన్నీ బిగించి వచ్చే రెడీమేడ్ వాటర్ కూలర్) పీ12 ప్యాక్, మిగిలిన రెండు ఫ్యాన్లు క్యాబినెట్‌కి. వాయిస్ రికార్డింగ్ చేసేవాళ్లకి, పీసీ బల్ల మీద చెవి పక్కనే ఉన్నవాళ్లకి నాక్టువా. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ ఒకే మందపాటి రేడియేటర్ మీద నడిపేవాళ్లకి టీ30. టీ30 తీసుకుంటే పాత స్క్రూలు సరిపోవు, 5 మి.మీ. పొడవైనవి కావాలి. ఆ పొడవు స్క్రూలనే పొరపాటున 25 మి.మీ. ఫ్యాన్‌కి బిగిస్తే కొస లోపలికి దిగి రేడియేటర్ గొట్టానికి చిల్లు పడొచ్చు. బిగించే ముందు ఒక స్క్రూని ఫ్యాన్ పక్కన ఆనించి, బయటికి ఎంత పొడుచుకొస్తుందో చూసుకోండి.