పాత డెస్క్‌టాప్ మూగబోతే ఏది మేలు: డ్రైవర్ వేటా, యూఎస్‌బీ ముక్కా?

దసరాకి కావలి వెళ్లేసరికి మా పెద్దనాయన కంప్యూటర్ ముందు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. "ఏంది అబ్బయ్యా, పది రోజుల్నించీ కృష్ణుడు నోరు తెరుస్తా ఉండాడు, పద్యం మాత్రం బయటికి రాదే" అన్నాడు. యూట్యూబ్‌లో పౌరాణిక నాటకాలు చూడందే ఆయనకి పొద్దుపోదు.

అది జీ41 చిప్‌సెట్ ఉన్న పాత మదర్‌బోర్డు, కోర్ 2 డుయో ప్రాసెసర్. విండోస్ 7 మీద ఏళ్ల తరబడి బాగానే నడిచింది. స్లో అయిందని ఎవరో కుర్రాడు ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేశాడు, అప్పట్నుంచీ సౌండ్ లేదు. ఊళ్లో చూపిస్తే "బోర్డు పోయింది, మార్చాల్సిందే" అన్నారట.

ఏది మేలో తేల్చే ముందు బోర్డు నిజంగా పోయిందా అన్నది చూడాలి. దీనికి విండోస్ బదులు వాడుకునే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని మించిన పరీక్ష లేదు. నా దగ్గర అందులో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే పాట పెట్టి చూడొచ్చు, హార్డ్ డిస్క్ జోలికి పోదు. పాత సౌండ్ చిప్‌లకి చాలావాటికి డ్రైవర్లు, అంటే చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్లు, లినక్స్ కెర్నల్‌లోనే (దాని గుండెకాయలోనే) ఉంటాయి. పెట్టగానే స్పీకర్లు మోగాయి. బోర్డు బాగానే ఉంది, తప్పంతా విండోస్ వైపే. అక్కడా మోగకపోతే వెంటనే బోర్డు మీదికి పోవద్దు. లినక్స్‌లో సౌండ్ హెచ్చుతగ్గులు చూసే అల్సామిక్సర్ తెరిచి ఛానల్ కింద 'ఎమ్ఎమ్' అని ఉందేమో చూడండి. అది మ్యూట్. ఎమ్ నొక్కితే పోతుంది.

విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే సౌండ్ దగ్గర పసుపు గుర్తు, కోడ్ 10. డివైస్ స్టార్ట్ కావట్లేదని అర్థం. డ్రైవరే లేకపోతే కోడ్ 28 వస్తుంది. ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే చిప్ ఎవరిదో తెలుస్తుంది: 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్, 1106 అయితే వయా. మాది వయా.

మొదటి దారి మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్. 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' పెట్టాలి. ఖర్చు లేదు, డౌన్‌లోడ్ లేదు, అయిదు నిమిషాల పని. వెనక పచ్చ జాక్‌కి పెట్టిన స్పీకర్లు మోగాయి. పెద్దనాయన మొహం వెలిగింది. కానీ ముందు హెడ్‌ఫోన్ జాక్‌లో చప్పుడు లేదు. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఫ్రంట్ ప్యానెల్ ఏసీ97 అనే పాత పద్ధతిలో ఉందేమోనని చూశా, సరిగ్గా హెచ్‌డీ ఆడియో అనే ఉంది. రాత్రి పెద్దమ్మ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ లేకపోతే ఆ ఇంట్లో నాటకం ఇంకోటి మొదలవుతుంది, కాబట్టి ఇక్కడితో ఆగే వీలు లేదు.

రెండోది బోర్డు కంపెనీ డ్రైవర్. వాళ్ల సైట్‌లో ఆఖరిది విండోస్ 7ది. కంపాటిబిలిటీ మోడ్‌లో వేస్తే ఎక్కింది, ముందు జాక్ కూడా పలికింది. ఇదే మంచిదనుకుని పడుకున్నాం. తెల్లారి విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్ తెచ్చి దీని మీద వేసేసింది, మళ్లీ కోడ్ 10. మళ్లీ వేశా, మళ్లీ పోయింది. నేను నెల్లూర్లో ఉంటా, పోయినప్పుడల్లా బస్సెక్కి వచ్చి డ్రైవర్ వేయలేను కదా. దగ్గర్లో ఓపికున్న వాళ్లుంటే ఈ దారి పర్వాలేదు. 'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. వాటితో వచ్చే చెత్త తీయడానికి మళ్లీ ఫార్మాట్ కొట్టాలి.

బోర్డు మీది పీసీఐ స్లాట్‌లో గుచ్చే పాత సౌండ్ కార్డు కొనమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. జీ41 బోర్డుల్లో ఆ స్లాట్ ఉంటుంది, నిజమే. కానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి పాతకాలపు కార్డులు. 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను ఒప్పుకోదు. డ్రైవర్ బాధ తప్పించుకోడానికి ఇంకో డ్రైవర్ బాధ కొనుక్కోవడం కొరివితో తల గోక్కోవడమే.

పూర్తిగా లినక్స్‌కి మారితే? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కోర్ 2 డుయోని విండోస్ 11 తన లెక్కలోకే తీసుకోదు. బ్రౌజర్ తప్ప ఇంకేం వాడని ఇంటికి నా ఓటు దీనికే. కానీ పెద్దనాయన నాటక సమాజం కరపత్రాలు పేజ్‌మేకర్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో అనూ తెలుగు ఫాంట్లతో కొడతాడు. ఆ అలవాటు మాన్పించడం నా వల్ల కాదు.

ఇక మిగిలింది యూఎస్‌బీ సౌండ్ కార్డు. బొటనవేలంత ముక్క, నెల్లూర్లో 250 రూపాయలకి కొన్నా. యూఎస్‌బీ ఆడియోకి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, గుచ్చగానే గుర్తుపట్టింది. బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియోని, అంటే బోర్డులోనే ఉన్న సౌండ్ చిప్‌ని, డిజేబుల్ చేశా, ఇక అప్‌డేట్ ఏం తెచ్చినా వేయడానికి చోటు లేదు. లోపాలు లేకపోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట లేనప్పుడు సన్నగా బుస్సుమంటుంది. మైక్ మోనోనే. ఆరు స్పీకర్ల 5.1 సెట్ ఉన్న వాళ్లకి ఇది చాలదు. సంగీతం రికార్డ్ చేసుకునేవాళ్లయితే వేరే చూసుకోవాలి. పాత రికార్డింగుల్లోని పద్యాలకి మాత్రం ధారాళంగా సరిపోతుంది, ఆ రికార్డింగుల్లో ఉన్న గరగర ముందు దీని బుస్సు ఏపాటి!

పెట్టడం మాత్రం సీపీయూ వెనక పోర్టుకి పెట్టండి. మొదట ముందు పెడితే ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి రెండుసార్లు ఊడొచ్చింది. వెనక్కి మార్చి, స్పీకర్లకీ హెడ్‌ఫోన్స్‌కీ కలిపి ఒక స్ప్లిటర్ తీగ టేబుల్ మీదికి లాగా. రాత్రిళ్లు దాని ఎర్రలైటు గోడ మీద మినుకుమినుకుమంటుంటే నిద్ర పట్టట్లేదని పెద్దమ్మ దాని మీద స్టిక్కర్ బొట్టు అంటించేసింది.