వెంగెన్‌లో ఏడు రాత్రులు: చిన్న పిల్లలతో మంచు సెలవులు

స్విట్జర్లాండ్‌లోని బెర్నీస్ ఓబర్‌లాండ్ పర్వత సీమలో, లౌటర్‌బ్రునెన్ లోయకు పైన, కొండ వాలుకు అరుగు కట్టినట్టుగా ఉండే గ్రామం వెంగెన్. సముద్ర మట్టానికి 1,274 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆరేళ్ల అమ్మాయిని, మూడున్నరేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని మేము మార్చి నెలలో ఏడు రాత్రులు అక్కడ ఉండి వచ్చాము. స్కీ గ్రామాలను, అంటే కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఊళ్లను పోల్చేవారు సాధారణంగా స్కీ దారులు ఎన్ని కిలోమీటర్లు, పైకి తీసుకువెళ్లే లిఫ్టులు ఎన్ని అన్న లెక్కతో మొదలుపెడతారు. ఇంత చిన్న పిల్లలున్నవారికి ఆ లెక్క పెద్దగా అక్కరకు రాదు. బస నుంచి పిల్లల మంచు మైదానానికి ఎన్ని నిమిషాలు నడవాలి, దారిలో వాహనాల భయం ఉందా, పిల్లవాడు అలిసిపోయి ఏడుపు మొదలుపెడితే ఎంత త్వరగా ఇంటికి చేరగలం అన్నవే మేము చూసుకున్నాము. ఈ మూడింటిలోనూ వెంగెన్ మమ్మల్ని నిరాశపరచలేదు.

వెంగెన్‌కు బయటి నుంచి కారు వెళ్లే రోడ్డు లేదు. కారులో వచ్చినవారు లోయ అడుగున, లౌటర్‌బ్రునెన్ రైలు స్టేషన్ పక్కన ఉన్న బహుళ అంతస్తుల పార్కింగ్‌లో దాన్ని వదిలి, అక్కడి నుంచి వెంగర్నాల్ప్ రైలు ఎక్కాలి. మేము ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి రైలులోనే వచ్చాము. ఆ ప్రయాణం ఇరవై నిమిషాలు, తరువాత ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఈ చిన్న రైలులోకి మారితే మరో పావుగంటకు కాస్త తక్కువలో ఊరు చేరుకుంటాము. 1893లో మొదలైన ఈ రైలు పట్టాల మధ్యనున్న, రంపంలా పళ్లున్న మూడో పట్టాను పట్టుకుని నిటారు వాలును ఎక్కుతుంది. లోయకు అవతలి వైపున దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి జారిపడే ష్టౌబ్‌బాఖ్ జలపాతం మొదట కళ్లకెదురుగా కనిపించి, మలుపు మలుపుకూ కిందికి దిగిపోతుంటే మా అమ్మాయి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, స్టేషన్ వచ్చేదాకా కదలలేదు. స్విస్ ప్రజా రవాణాలో పెద్దవారితో ప్రయాణించే ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్టు అవసరం లేదన్నది ఇంత ఖరీదైన దేశంలో చిన్న ఊరట.

వాహనాలు లేని ఊరు అన్నమాట ప్రకటనల్లో చదివినప్పుడు మాకు అంత పట్టలేదు. రెండో రోజు ఉదయం, మా అబ్బాయి నా చేయి విడిపించుకుని ప్రధాన వీధి మధ్యలో మోకాళ్ల మీద కూలబడి మంచు ముద్దలు చేయడం మొదలుపెట్టినప్పుడు, వాడిని లాక్కురావాలన్న కంగారు నాలో కలగలేదని గమనించి నాకే ఆశ్చర్యం వేసింది. పూర్తిగా బండ్లు లేవని అనుకోకూడదు. సామాను, సరుకులు మోసే చిన్న విద్యుత్ బండ్లు తిరుగుతుంటాయి, అవి చప్పుడు చేయవు కనుక వెనుక నుంచి వస్తున్నట్టు తెలియదు. అయినా అవి నెమ్మదిగా వెళ్తాయి, నడిపేవారు పిల్లలను చూసి ఆగుతారు. నలుగురి సామానుతో వచ్చేవారు ముందుగానే బసవారికి రైలు సమయం చెప్పి స్టేషన్‌కు బండి పంపమని కోరడం మంచిది. మేము ఆ సంగతి తెలియక రెండు పెద్ద సూట్‌కేసులను మంచు మీద పైకి లాక్కుంటూ వెళ్లాము. పిల్లల తోపుడు బండి చక్రాలు మంచులో కూరుకుపోతాయి కాబట్టి దాన్ని ఇంటి వద్దే వదిలి, మంచు మీద జారే చెక్క బండి, స్లెడ్జ్ ఒకటి అద్దెకు తీసుకోవాలి. ఆ వారమంతా మా అబ్బాయికి వాహనం అదే, మాకు సరుకుల బండీ అదే.

పిల్లల స్కీ మైదానం ఊరి నడిబొడ్డున ఉంది. ఈ పర్యటనలో మాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. మా అపార్ట్‌మెంట్ నుంచి అక్కడికి, బరువైన బూట్లతో, మధ్యమధ్యలో ఆగుతూ నడిచినా ఎనిమిది నిమిషాలే పట్టేది. మెల్లని వాలు, పిల్లలను నిలబెట్టి పైకి తీసుకువెళ్లే కదిలే పట్టీ, రంగురంగుల బొమ్మలు, వాటి చుట్టూ తిరిగే చిన్న చిన్న దారులు ఉంటాయి. స్విస్ స్కీ బడుల చిహ్నమైన స్నౌలి అనే కుందేలు బొమ్మ పిల్లలకు మొదటి రోజే స్నేహితురాలవుతుంది. నీలం, ఎరుపు, నలుపు అనే మూడు శ్రేణులుగా సాగే ఈ శిక్షణలో, స్కీల ముందు కొసలను దగ్గరకు చేర్చి వెనుక భాగాలను విడదీసి ఆగడం మొదటి పాఠం. ఆ ఆకారాన్ని పిల్లలకు పిజ్జా ముక్క అని చెబుతారు, రెండు స్కీలను సమాంతరంగా ఉంచితే బంగాళాదుంప వేపుడు ముక్కలు అంటారు. భాష రాని మా అమ్మాయికి కూడా ఈ రెండు మాటలు గంటలోపే అర్థమయ్యాయి. నాలుగో రోజుకు ఎవరి చేయీ పట్టుకోకుండా వాలు మొత్తం దిగి, కింద నేనున్న చోటికి రెండు అడుగుల దూరంలో ఆగి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ పట్టీ వైపు వెళ్లిపోయింది.

మా అబ్బాయి విషయంలో మాత్రం మా అంచనా తప్పింది. మూడున్నరేళ్ల వాడికి రెండు గంటల పాఠం ఎక్కువే. మొదటి రోజు నలభై నిమిషాలకే స్కీలు విప్పేయమని మొండికేశాడు. శిక్షకురాలు ఓపికగా చూసుకున్నా, వాడికి మంచులో గుంటలు తవ్వడమే ఇష్టమని తేలిపోయింది. మిగిలిన రోజులు బడి మానిపించి, ఉదయం అరగంట మాత్రం మేమే వాడికి స్కీలు తొడిగి ఆడించాము. నాలుగేళ్లు నిండని పిల్లలకు వారం మొత్తానికి ఒకేసారి రుసుము కట్టవద్దని, ఒక్క రోజు చూసి నిర్ణయించుకోమని నా సలహా.

బూట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వారం దాదాపు ఇక్కడే చెడిపోయేది. మేము వెళ్లిన అద్దె దుకాణంలో ఆ సాయంత్రం బాగా రద్దీగా ఉంది. మా అమ్మాయి పాదం కొలవకుండానే, పిల్లలకు కాస్త వదులుగా ఉండటమే మేలని చెప్పి బూట్లు ఇచ్చి పంపారు. మరుసటి రోజు పది నిమిషాలకే, "నాన్నా, కాలు కోసుకుపోతోంది" అని ఏడ్చింది. బూటు విప్పి చూస్తే, లోపల వేసిన ఉన్ని ప్యాంటు అంచు ముడతపడి పిక్క ఎముక మీద వేలెడు వెడల్పున ఎర్రటి చార పెట్టింది, పాదమేమో బూటులో ముందుకూ వెనక్కూ జారుతోంది. అడగగానే దుకాణంవారు బూట్లు మార్చి ఇచ్చిన మాట నిజమే కానీ, ఆ ఉదయం పాఠం మాత్రం పోయింది. స్కీ బూట్ల కొలత పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతుంది కనుక, బయలుదేరే ముందే పిల్లల పాదాలను కాగితం మీద గీసి కొలుచుకుని వెళ్లండి. లోపలి మెత్తని తొడుగు తీసేసి, ఖాళీ బూటులో పాదాన్ని ముందుకు ఆనించినప్పుడు మడమ వెనుక ఒక వేలు, మహా అయితే రెండు వేళ్లు పట్టే సందు ఉంటే చాలు. బూటులోకి పొడవాటి పల్చని మేజోడు ఒక్కటే వెళ్లాలి. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు, అవి ముడతలు పడి రక్త ప్రసరణను అడ్డుకుంటాయి, పాదం మరింత చల్లబడుతుంది.

చలి కంటే ఎండ ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి విసురుతుంది కాబట్టి, గడ్డం కింద, ముక్కు రంధ్రాల చుట్టూ కూడా సన్‌స్క్రీన్ రాయాలని మాకు మూడో రోజు మా అబ్బాయి మొహం చూశాకే తెలిసింది. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగుల కంటే నాలుగు వేళ్లూ కలిసి ఉండేవి వెచ్చగా ఉంటాయి. మెడకు మఫ్లర్ బదులు గొట్టంలా తొడుక్కునేది వాడాలి, వేలాడే మఫ్లర్ కొస లిఫ్టులో చిక్కుకుంటే ప్రమాదం.

ఈ ఊరితో స్కీయింగ్‌కు ఉన్న అనుబంధం పాతది. ఇక్కడ సెలవులు గడిపే బ్రిటిష్ స్కీయర్లు 1925లో స్థాపించిన క్లబ్ పేరు డౌన్‌హిల్ ఓన్లీ. పైకి రైలులో వెళ్లి, కిందికి మాత్రం స్కీల మీద దిగేవారు కనుక ఆ పేరు వచ్చింది. నేటికీ ఆ రైలే ఇక్కడ స్కీ లిఫ్టు పని చేస్తోంది, చిన్న పిల్లల తల్లిదండ్రులకు అది గొప్ప సౌకర్యం. కాళ్లు వేలాడేసి గాలిలో కూర్చునే లిఫ్టుకు బదులు, వెచ్చని పెట్టెలో కూర్చుని 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్ వరకు వెళ్లవచ్చు. స్కీ చేయనివారు కూడా ఎక్కవచ్చు. అక్కడ దిగగానే ఐగర్ శిఖరపు ఉత్తర ముఖం నిలువు గోడలా మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. 1938 వరకు దాన్ని ఎవరూ ఎక్కలేకపోయారని చెబితే మా అమ్మాయి చాలాసేపు మెడ ఎత్తి చూసింది. అక్కడి నుంచి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ కనుమకు మరో రైలు వెళ్తుంది. మేము వెళ్లలేదు. అంత ఎత్తుకు ఒక్కసారిగా తీసుకువెళ్తే, తలనొప్పి వచ్చిందని చెప్పడం కూడా తెలియని వయసు పిల్లల అవస్థ ఊహించుకుని మానేశాము. దానికి బదులు ఒక మధ్యాహ్నం ఊరికి పైనున్న వెంగర్నాల్ప్ స్టేషన్ వద్ద దిగి, అక్కడి నుంచి ఊరిదాకా స్లెడ్జ్ మీద జారుతూ వచ్చాము. నలుగురం కలిసి ఆనందించిన పూట అదొక్కటే అనవచ్చు.

భార్యాభర్తలిద్దరూ స్కీ చేయాలనుకుంటే వంతులు వేసుకోక తప్పదు. నేను ఊరి నుంచి మెన్‌లిఖెన్ కొండ మీదికి వెళ్లే కేబుల్ కారు ఎక్కి ఒక పూట, నా భార్య క్లైనె షైడెగ్ వైపు ఒక పూట వెళ్లాము. స్విట్జర్లాండ్‌లో స్కీ దారులకు నీలం, ఎరుపు, నలుపు రంగులు వాడతారు, నీలమే అన్నిటికంటే తేలిక. మెన్‌లిఖెన్ నుంచి పక్క లోయలోని గ్రిండెల్వాల్డ్ వైపు దిగే వెడల్పాటి దారులు నాలాంటి మధ్యస్థ స్థాయివారికి హాయిగా ఉంటాయి. అయితే గాలి బలంగా వీచిన రోజు కేబుల్ కారు ఆపేస్తారు, ఆ ఒక్క రోజు మా పథకం తారుమారైంది.

భోజనాల ఖర్చు ఎక్కువ. ఊరి మధ్యలో ఉన్న కో-ఆప్ దుకాణంలో సరుకులు కొని, వంటగది ఉన్న బసలో వండుకుంటేనే వారం గడుస్తుంది. బయట తిన్నప్పుడు, మెకరోనీలో బంగాళాదుంప, చీజ్ కలిపి ఆపిల్ గుజ్జుతో ఇచ్చే ఆల్ప్లర్‌మగ్రోనెన్‌ను ఇద్దరు పిల్లలూ గిన్నె ఖాళీ చేశారు.

జనవరి మధ్యలో మాత్రం చిన్న పిల్లలతో వెళ్లవద్దు. 1930లో మొదలైన లౌబర్‌హార్న్ స్కీ పందెం అప్పుడే జరుగుతుంది. స్కీ ప్రపంచ కప్‌లో అతి పొడవైన, దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల డౌన్‌హిల్ (కొండ దిగే) పందెం అది, దాన్ని చూడటానికి వచ్చే జనంతో రైళ్లు కిక్కిరిసిపోతాయి. ఫిబ్రవరిలో ఐరోపా బడులకు సెలవులు వస్తాయి కాబట్టి స్కీ తరగతుల్లో పిల్లలు ఎక్కువవుతారు. మార్చి మొదటి సగంలో పగలు పొడవుగా ఉంటుంది, మంచు ఉదయం పూట గట్టిగా ఉండి మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. పిల్లల పాఠం ఉదయమే పెట్టుకుని, మెత్తని మంచును ఆటలకు వదిలేయవచ్చు. వచ్చే ఏడాదికి అదే వారాన్ని, స్టేషన్‌కు ఇంకాస్త దగ్గరలో ఉన్న బసను అడిగి పెట్టాము. అప్పటికి మా అబ్బాయికి నాలుగున్నరేళ్లు వస్తాయి.