బాష్ జీఈఎక్స్ 125-1 ఏఈ శాండర్ రివ్యూ: మెషీన్ బాగుంది, మాస్కు లేకుండా మాత్రం ముట్టుకోకండి

చేత్తో ఉప్పుకాగితం పట్టుకుని ఒక తలుపు రెక్క మొత్తం రుద్దినవాళ్ళకి తెలుసు భుజం ఎలా పీకేస్తుందో. మా పాత ఇంటి టేకు తలుపులు, ఒక చెక్క బీరువా, అమ్మ వాడే డైనింగ్ టేబుల్, ఇవన్నీ మళ్ళీ పాలిష్ చేసుకుందామని బాష్ వాళ్ళ జీఈఎక్స్ 125-1 ఏఈ శాండర్, అంటే ఉప్పుకాగితం తగిలించి చెక్కని రుద్దే కరెంటు మెషీన్, తీసుకున్నా, చాలాకాలంగా వాడుతున్నా, బాగా నచ్చింది. అయితే రివ్యూలు చూస్తే అందరూ వాట్లు, స్పీడు, రేటు చెప్పి ఆపేస్తున్నారు, దీన్ని ఇంట్లో వాడితే మన ఊపిరితిత్తులకి ఏమవుతుందో, పక్కగదిలో ఉన్న పిల్లలకి ఏమవుతుందో ఒక్కరూ చెప్పట్లేదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మెషీన్ సంగతి. 250 వాట్లు, 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్యాడ్ అంటే మనం 5 అంగుళాల సైజు అంటామే అది, బరువు 1.3 కిలోలు. స్పీడు డయల్ ఉంది, నిమిషానికి 7500 నుంచి 12000 రౌండ్ల దాకా మార్చుకోవచ్చు. పేపరు వెల్క్రోతో అతుక్కుంటుంది, క్లిప్పుల గొడవ లేదు. ఇది రాండమ్ ఆర్బిటల్ రకం, అంటే ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే 2.5 మిల్లీమీటర్ల చిన్న వలయంలో అటూ ఇటూ కదులుతుంది, అందువల్ల ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ పేపరు పడదు, టేకులో నార అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా గీతలు పెద్దగా కనపడవు. గుప్పిట్లో సరిగ్గా ఇమిడిపోతుంది, చెయ్యి చిన్నగా ఉన్నవాళ్ళకి కూడా పట్టు బాగానే కుదురుతుంది, మా చెల్లి కూడా హాయిగా వాడుతోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర చాలామంది కార్పెంటర్లు శాండర్ కొనరు, యాంగిల్ గ్రైండర్‌కే శాండింగ్ డిస్కు బిగించేసి, పైన ఉన్న గార్డు పీకేసి, టకటకా రుద్దేస్తారు. పని స్పీడుగా అవుతుంది నిజమే, ఇంట్లో నేర్చుకుంటున్నవాళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు. చిన్న గ్రైండర్ ఖాళీగా తిరిగితే నిమిషానికి 11000 రౌండ్ల దాకా ఉంటుంది, అదంతా ఒకే వైపు తిరిగే తిరుగుడు, అంచు ఎక్కడైనా పట్టుకుందంటే మెషీన్ చేతిలోంచి ఎగిరి మన మీదకే వస్తుంది. ఈ శాండర్ అలా ఎగరదు, పొరపాటున వేలు తగిలితే చర్మం గీరుకుంటుంది తప్ప వేలు తెగిపోదు. అందుకే ఇంటి పనికి ఇదే సరైనది అంటున్నా.

మరి ప్రమాదం ఎక్కడుంది అంటే పొడిలో ఉంది. శాండర్‌ని చూసి మనం భయపడం, బ్లేడు లేదు, నిప్పురవ్వలు రావు, కాబట్టి ఏమీ కాదు అనుకుంటాం. రంపం పెడితే వచ్చే పొట్టు బరువుగా ఉంటుంది, కింద పడిపోతుంది. శాండర్ నుంచి, ముఖ్యంగా 180, 220 నంబరు పేపర్ల నుంచి (నంబరు పెరిగేకొద్దీ పేపరు సన్నం) వచ్చేది పౌడర్ కన్నా సన్నం, పని ఆపేశాక కూడా గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడే టైములో గదిలోకి వెళ్ళి చూడండి, ఆ వెలుతురులో తేలుతూ కనపడుతుంది, కంటికి కనపడనిది దానికంటే లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ 1995లోనే చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది, ముఖ్యంగా ముక్కు, దాని పక్కనున్న గాలి గదుల క్యాన్సర్ గురించి. ఏళ్ళ తరబడి రోజూ పీల్చేవాళ్ళకి ఎక్కువ రిస్కు, ఆదివారం ఒక పూట చేసుకునే మనకి అంత ఉండదు, అలాగని పీల్చడం ఎందుకు చెప్పండి? ఆస్తమా ఉన్నవాళ్ళకైతే ఒక్క పూట చాలు.

చెక్కని బట్టి కూడా తేడా ఉంటుంది. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ముంజేతుల మీద, మెడ దగ్గర చెమటకి అతుక్కుని దురద పెడుతుంది. జిట్రేగి కూడా అంతే. ఎండీఎఫ్ అయితే ఇంకా జాగ్రత్త, అందులో చెక్క నారని జిగురుతో కలిపి నొక్కుతారు, ఆ జిగురులో ఎక్కువగా ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్, పొడి కూడా మైదాపిండి అంత మెత్తగా వస్తుంది. ఇక వేప చెక్క రుద్దేటప్పుడు ఒక ఉపయోగం ఉంది, పని అయ్యాక మాస్కు తీసి నాలుకతో పెదాలు తడుపుకోండి, చేదు తగిలిందంటే మీ మాస్కు పక్కల నుంచి లీకవుతోందేమో అని అనుమానించాలి. నాకు తెలిసి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

మాస్కు అంటే మూతికి కర్చీఫ్ కట్టుకోవడం కాదండీ. సర్జికల్ మాస్కు కూడా దీనికి పనికిరాదు, బుగ్గల పక్కన గ్యాప్ ఉంటుంది, గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది కదా. సన్న పొడిని కూడా ఆపే ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం మాస్కు తీసుకోండి, మన దేశంలో వీటికి ఐఎస్ 9473 అనే స్టాండర్డ్ ఉంది, ప్యాకెట్ మీద ఆ నంబరు ఉందో లేదో చూడండి. చెవులకి తగిలించుకునేవాటికన్నా తల వెనక రెండు పట్టీలు వచ్చేవి గట్టిగా కూర్చుంటాయి. ముక్కు మీద ఉన్న రేకుని రెండు చేతుల వేళ్ళతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి, కళ్ళజోడు మీద ఆవిరి పడితే సరిగ్గా కూర్చోలేదు. గడ్డం ఉన్నవాళ్ళకి ఏ మాస్కూ అతుక్కోదు, ఇది చాలామందికి నచ్చని మాట, అయినా నిజం. తరచూ పనిచేసేవాళ్ళు మార్చుకునే ఫిల్టర్లు ఉన్న రబ్బరు హాఫ్ మాస్కు కొనుక్కుంటే ఎండాకాలం కొంచెం చెమట పట్టినా లాభమే. దానితో పాటు పక్కలు మూసుకునే కళ్ళద్దాలు, చెవుల్లో ప్లగ్గులు. శాండర్ సౌండు ఒక్కటే అయితే పర్వాలేదనిపిస్తుంది, పక్కన వాక్యూమ్ కూడా ఆన్ చేస్తే రెండూ కలిసి అరగంటలో తల దిమ్మెక్కిపోతుంది.

దీనితో పాటు ఒక డస్ట్ బాక్స్ ఇస్తారు, లోపల ఫిల్టర్ ఉంటుంది. బాగానే లాగుతుంది, చేత్తో రుద్దేదానితో పోలిస్తే గది చాలా శుభ్రంగా ఉంటుంది. కాకపోతే ఏ కంపెనీ శాండర్ అయినా సరే ఆ చిన్న డబ్బా మొత్తం పొడిని పట్టుకోదు, అది దాని సైజుకి మించిన పని. అసలు తేడా వాక్యూమ్ క్లీనర్ తగిలిస్తే తెలుస్తుంది. ఇంట్లో మామూలు వాక్యూమ్ తగిలిస్తే ముందునుంచి లాగిన సన్న పొడిని వెనకనుంచి గాల్లోకి వదిలేస్తుంది, హెపా ఫిల్టర్, అంటే బాగా సన్న పొడిని కూడా పట్టి ఉంచే ఫిల్టర్, ఉన్నదే కావాలి. పైపు సైజు ఒకదానికొకటి కుదరకపోతే రబ్బరు అడాప్టర్ దొరుకుతుంది, ఏమీ దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి క్లాంపు వేసినా పనైపోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ప్యాడ్‌కి 8 రంధ్రాలు ఉన్నాయి, పేపరు రంధ్రాలు వాటి మీద కరెక్టుగా రావాలి. కొంచెం పక్కకి అతికించినా పొడి లోపలికి పోయే దారి మూసుకుపోతుంది, పేపరు త్వరగా జిగటపట్టి కాలిపోతుంది, గాల్లోకి వచ్చే పొడి ఎక్కువవుతుంది. పేపరు అతికించాక రంధ్రంలోకి పెన్సిలు పెట్టి చూసుకోండి, నేరుగా దిగాలి.

పని చేసే చోట సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఉక్కపోస్తుంది, తెలుసు, కానీ అది పైనుంచి కొట్టి పొడిని ఇల్లంతా చిమ్ముతుంది. బదులుగా ఒక టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటవైపు మొహం పెట్టి పెట్టండి, మీరు గాలి వచ్చే వైపు నిలబడండి, పొడి మీ మొహం మీదకి రాకుండా బయటికి పోతుంది. డాబా మీద చేసుకోగలిగితే ఇంకా మంచిది, పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయేమో చూసుకుని. అయిపోయాక చీపురు పట్టొద్దు, బ్లోయర్ అసలే వద్దు, తడిగుడ్డతో తుడవండి. పని బట్టలతో లోపలికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవద్దు, ముందు స్నానం.

పాత తలుపుల మీద ఆయిల్ పెయింట్ ఉంటే మాత్రం దయచేసి ఆగండి. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని 2016లో రూల్స్ వచ్చాయి, అమలైంది 2017 నవంబరు నుంచి. అంటే అంతకుముందు వేసిన ఎనామిల్ పెయింట్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. మన ఊళ్ళల్లో గడపలకి పసుపు ఎనామిల్, కిటికీలకి ఆకుపచ్చ ఎనామిల్ పొర మీద పొర వేసుకుంటూ వచ్చారు, ఒక్కో గడప మీద ఎన్ని పొరలు ఉంటాయో. దాని మీద శాండర్ పెట్టారంటే ఆ సీసం అంతా పొడై నేల మీద, పరుపుల మీద పడుతుంది, నేల మీద పాకే పిల్లల చేతులకి అంటుకుని నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకి ఇంతవరకు పర్లేదు అని చెప్పగలిగే సీసం మోతాదు లేదు. అలాంటి చోట పెయింట్ రిమూవర్ పూసి, గాలి ఆడేలా చూసుకుని గీరడం, లేదంటే వాటర్ పేపరుతో తడిపి చేత్తో రుద్దడం, ఈ రెండే. గీరిన చెత్త కవర్లో కట్టి పారేయండి, పెరట్లో తగలబెట్టొద్దు. మా తలుపుల్లో రెండింటికి అలాంటి రంగే ఉంది, వాటిని శాండర్ దగ్గరికే రానివ్వలేదు, రంగు పూర్తిగా పోయి కడిగి ఆరాక చివర్లో చేతి పేపరుతోనే నున్న చేశాం.

నిప్పు సంగతి కూడా చాలామందికి తెలీదు. డస్ట్ బాక్స్‌లో పాత వార్నిష్, పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ కలిసిన పొడి నిండి, చాలాసేపు రుద్దడం వల్ల వేడిగా ఉంటే, అది తనంతట తనే రాజుకునే ప్రమాదం ఉంది, మెషీన్‌తో వచ్చే పుస్తకంలోనే ఈ హెచ్చరిక రాసుంటుంది. కాబట్టి టీ తాగడానికి లేచినా సరే డబ్బా ఖాళీ చేసి లేవండి, రాత్రికి నిండు డబ్బా అలా వదిలేయొద్దు. ఇనుప గేటు రుద్దాలనుకుంటే చెక్కపొడి మొత్తం దులిపేశాకే, ఇనుము నుంచి రవ్వ వస్తుంది. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకుండా విప్పి ఆరేయండి, అవీ అంతే.

రుద్దే పద్ధతిలో మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు నొక్కడం. నొక్కితే త్వరగా అవుతుందనుకుంటాం, కానీ ప్యాడ్ తిరగడం ఆగిపోయి ఊగడం ఒక్కటే మిగులుతుంది, చెక్క మీద సున్నాలు చుట్టినట్టు చిన్న చిన్న గీతలు పడతాయి, అవి అప్పుడు కనపడవు, పాలిష్ వేశాక ఒక్కసారిగా బయటపడతాయి. చెయ్యి బరువు, మెషీన్ బరువు చాలు. ప్యాడ్ మొత్తం చెక్క మీద బల్లపరుపుగా ఆనాలి, అంచు మీద వాల్చొద్దు, మెల్లగా కదపండి. టేకుకి 80, 120, 180, చివర 220, మధ్యలో నంబరు దాటేస్తే ముందు పేపరు గీతలు పోవు. వెనీర్ ప్లైవుడ్ అయితే 80 ముట్టుకోవద్దు, పైపొర అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, అంచుల దగ్గర సెకన్లలో లోపలి ప్లై బయటపడుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, పావుగంటకోసారి ఆపి వేళ్ళు విదిలించండి. చిన్న ముక్కల్ని కింద కూర్చుని కాలితో అదిమిపట్టి రుద్దడం మనకి అలవాటు, దీనితో అలా చేయొద్దు, జీ క్లాంపుతో బల్లకి బిగించండి. భుజం మీద తువ్వాలు, వేలాడే చున్నీ తీసి పక్కన పెట్టండి.

కరెంటు విషయంలో రెండు మాటలు. దీని స్విచ్ ఒకసారి ఆన్ చేస్తే అలాగే ఉండే రకం, పట్టుకుంటేనే తిరిగే ట్రిగ్గర్ కాదు. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మనం మెషీన్ బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతాం, కరెంటు రాగానే అది తనంతట తనే తిరుగుతూ కింద పడుతుంది. కరెంటు పోగానే స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్గు పీకేయండి. పేపరు మార్చేటప్పుడు కూడా ప్లగ్గు పీకాల్సిందే. ఆఫ్ చేశాక ప్యాడ్ పూర్తిగా ఆగేదాకా కింద పెట్టొద్దు. డాబా మీదకి ఎక్స్‌టెన్షన్ లాగితే అతుకులు లేని వైరు వాడండి, ఆ లైనుకి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్, ఉంటే నిశ్చింత.

ఎవరికి వద్దు అంటే, గోడ లప్పం రుద్దడానికి కొనేవాళ్ళకి వద్దు, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది, దానికి వేరే మెషీన్లున్నాయి. మూలలు, నగిషీలు ఎక్కువున్న పాత మంచాలకి కూడా గుండ్రటి ప్యాడ్ లోపలికి పోదు, అక్కడ చెయ్యే దిక్కు. తలుపులు, టేబుళ్ళు, అరల పలకలు, వీటికైతే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. డబ్బులు లెక్కేసుకునేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు, పేపర్లు కలిపి లెక్కేయండి, బడ్జెట్ సరిపోకపోతే మెషీన్ ఒక నెల ఆగి కొనండి, మాస్కు ఆపొద్దు. సికింద్రాబాద్ వైపు ఉన్నవాళ్ళు రాణిగంజ్‌లో ఒక రౌండు వేస్తే డిస్కులు విడిగా కూడా ఇస్తారు, 125 మిల్లీమీటర్లు, 8 రంధ్రాలు అని రెండూ చెప్పి అడగండి, ఉత్త 5 అంగుళాలు అంటే రంధ్రాలు లేనివి కూడా చేతిలో పెడతారు.